భుజం కోసం ఆ మాత్ర ఆపకు తల్లీ

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

భుజం ఆపరేషన్‌కి ఒప్పుకున్నావని మీ తమ్ముడు చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. చెయ్యి పైకెత్తలేకపోతున్నా రోజూ గ్రౌండ్‌కి వెళ్లి ఆడపిల్లలకి వాలీబాల్ నేర్పిస్తూనే ఉన్నావట. మీ అమ్మ చూసి ఉంటే ఎంత మురిసిపోయేదో! కానీ కుట్టు అతుక్కోదన్న భయంతో, ఆపరేషన్‌కి ముందు నుంచే కొలెస్ట్రాల్ మాత్ర అటోర్వాస్టాటిన్ ఆపేస్తానని, మూడు నెలల దాకా ముట్టనని అన్నావట. అది వినగానే నాకు నిద్ర దూరమైంది.

ఆపరేషన్ తర్వాత చెయ్యి కదలకుండా మెడకి వేసే పట్టీ, అదే స్లింగ్, డాక్టరు తియ్యమనేదాకా తియ్యకు, నిద్రలో కూడా. షుగర్ అదుపులో ఉంచుకో. ముందు గుండీలున్న వదులు నైటీలు ఇప్పుడే కుట్టించుకో. ఇవి నీకు తెలియనివి కావు.

మీ పెదనాన్న సంగతి మాత్రం నీకు పూర్తిగా తెలీదు. ఆయనకి ఎడమ భుజంలో రొటేటర్ కఫ్, అంటే భుజం కండరాల్ని ఎముకకి కలిపే పట్టీలు, కుట్టినప్పటికే గుండెలో స్టెంట్ ఉంది. వాకింగ్‌లో పరిచయమైన ఒకాయన, "ఆ మాత్ర కండరాల్ని తినేస్తుంది, కుట్టు అతుక్కోదు" అన్నాడట. అంతే, నాకు కూడా చెప్పకుండా మానేశారు. రోజూ మాత్రని చెత్తబుట్టలో పడేసి, వేసుకున్నానని చెప్పేవారు. నేను నర్సుని, నా మొగుడు చెయ్యాల్సిన పనేనా అది? కొన్ని వారాలకి ఎడమ భుజం, చెయ్యి లాగడం మొదలైంది. ఆపరేషన్ నొప్పేలే అని బామ్ రాసుకుని పడుకున్నారు. తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు పట్టాక గానీ నన్ను లేపలేదు. అది భుజం నొప్పి కాదు, గుండెపోటు. మాత్ర మానినందుకే వచ్చిందని ఏ డాక్టరూ కాగితం మీద రాయలేదు. కానీ స్టెంట్ ఉన్నవాళ్లు అది మానేస్తే ముప్పు పెరుగుతుందని అందరూ చెప్పారు. ఆ రోజు అంబులెన్స్‌లో ఆయన చెయ్యి పట్టుకుని ఎంత తిట్టానో, ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

నీది ఎడమచేతి వాటం, ఆపరేషన్ కూడా ఆ భుజానికే. అందుకే నాకింత కంగారు. భుజం నొప్పితో పాటు చెమట, ఆయాసం, దవడ లాగడం, ఛాతీ బరువు, వీటిలో ఏది కనిపించినా ఆపరేషన్ నొప్పి అని సరిపెట్టుకోకు. వెంటనే ఆస్పత్రికి వెళ్లు.

మీ అమ్మ మడమల వెనక గట్టి గడ్డలు గుర్తున్నాయా? చెప్పులు ఒరుసుకుని వచ్చిన కాయలనుకున్నాం. అది టెండన్‌లో, అంటే కండరాన్ని ఎముకకి కలిపే పట్టీలో, పేరుకున్న కొలెస్ట్రాల్ అని, మన ఇంట్లో వంశంలోనే వచ్చే జబ్బని, మీ అమ్మ పోయాక ఒక పెద్ద డాక్టరు చెబితే తెలిసింది. చిన్న వయసులోనే గుండె ఆగిపోయింది నా చెల్లికి. నీక్కూడా ఆ కొలెస్ట్రాలే వచ్చింది. భుజానికి మాత్ర చెడ్డదని నువ్వు భయపడుతున్నావు గానీ, టెండన్‌కి అసలు శత్రువు ఆ కొవ్వే. కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లలో ఈ కఫ్ చిరగడం, కుట్టింది మళ్లీ విడిపోవడం ఎక్కువగా చూస్తున్నారు. ఎముకలో దిగేసే యాంకర్లనే చిన్న మేకులు, దారాలు టెండన్‌ని ఎముకకి ఆనించి పట్టుకుంటాయంతే, అతుక్కోవాల్సింది ఒంట్లోంచే. మాత్ర వేసుకోవడం వల్ల ఆ అతుకు చెడుతుందని ఇప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం చూపలేదు. ఆపరేషన్ల సమయంలోనూ దాన్ని కొనసాగించమనే చెబుతారు.

అలాగని నీ భయం ఉత్తది అనను. ఆ మాత్రతో కండరాల నొప్పులు కొందరికి నిజంగానే వస్తాయి, టెండన్ ఇబ్బందులు కూడా అరుదుగా వస్తాయి. రెండు తొడలూ, రెండు భుజాలూ ఒకేలా నొప్పి పెట్టినా, నీరసంతో పాటు మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆ రోజే డాక్టరుకి చెప్పు. మోతాదు తగ్గిస్తారో, అటోర్వాస్టాటిన్ తీసేసి ఇంకోటి ఇస్తారో వాళ్లు చూసుకుంటారు. కొత్తగా ఏ మందు రాసినా నీ మాత్ర పేరు ముందే చెప్పు. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ దానితో కలిస్తే కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

నీ గుండె డాక్టరు, ఎముకల డాక్టరు ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చూడు. ఆపరేషన్ రోజు ఉదయం మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కాగితం మీద రాయించుకో. తేదీ ఖాయమవగానే ఫోన్ చెయ్యి. ఒంటి చేత్తో జడ వేసుకోలేవు, స్లింగ్ తీసేదాకా నేనొచ్చి ఉంటాను.

మీ పెద్దమ్మ