బాకీ ఉన్న కార్డుపై గాలం కుర్చీ

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. వయసు 36. రొయ్యల మేత కంపెనీలో పని. కమీషన్‌తో కలిపి నెలకు సుమారు 34,000 వస్తుంది, ఇంటి ఖర్చు 26,000. ఆదివారాలు గోదావరి గట్టున గాలం వేస్తాను. గంటల తరబడి గొంతుకూర్చోవడంతో నడుం నొప్పి వస్తోంది. 24,000 రూపాయల వాలు కుర్చీని క్రెడిట్ కార్డుపై 12 వాయిదాల్లో తీసుకోనా, 1,900 రూపాయల మడత కుర్చీ సరిపోతుందా? కార్డుపై సంక్రాంతి నాటి బాకీ 46,000 ఉంది, నెలనెలా కనీస మొత్తం కడుతున్నాను. బ్యాంకులో 11,000 ఉంది. ఒక స్నేహితుడు మూడు రూపాయల వడ్డీకి అప్పు ఇస్తానంటున్నాడు.

జవాబు: కుర్చీ సంగతి చివర్లో చెబుతాను. ఫోను, టీవీ, బైకు అంటూ వస్తువు మారుతుందే గాని, పాత బాకీ తీరకముందే అదే కార్డుపై కొత్త వాయిదా ఎత్తుకునే తప్పు చాలా ఇళ్లలో ఉంది. మీ ఉత్తరాన్ని తీసుకున్నది అందుకే.

నెలకు 3.5 శాతం వడ్డీ వేసే కార్డు అనుకుందాం. 46,000కు వడ్డీ 1,610, దానిపై 18 శాతం జీఎస్టీ 290, వెరసి 1,900. కనీస మొత్తం 5 శాతమైతే మీరు కట్టేది 2,300. అందులో అసలుకు చేరేది 400. నెలకో మడత కుర్చీ కొని కాలువలో పారేస్తున్నారు! పైగా బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు. కిరాణా సరుకులు కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ మొదలు. వడ్డీ లేని వాయిదాలన్న ప్రకటన చూసి మురిసిపోకండి. వడ్డీ మేరకు ధర తగ్గించినా, ఆ వడ్డీపై జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము మీ నెత్తినే పడతాయి.

మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. కార్డు కన్నా తక్కువే కదా అనుకుంటున్నారేమో. అప్పు తీర్చడానికి మరో అప్పు, జేబులో మళ్లీ గీకడానికి సిద్ధంగా ఉన్న కార్డు! వద్దు. బ్యాంకులో బంగారం కుదువ పెట్టి బాకీ తీర్చడం కొంత నయం, అదీ కార్డు రద్దు చేసుకుంటేనే.

మీ లెక్కల్లో నన్ను భయపెట్టిన అంకె 11,000. పదమూడు రోజుల ఇంటి ఖర్చుకు కూడా చాలదు. మీ కమీషన్ రొయ్య మీద ఆధారపడింది. 2025 ఆగస్టులో మన ఎగుమతులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు చెరువుల రైతులు ఎంత కంగారు పడ్డారో మీరు దగ్గరుండి చూసే ఉంటారు. రైతు ఒక పంట మానుకుంటే మేత అమ్మకం పడిపోతుంది. 2022 జూలై వరదకు కోనసీమ లంకలు మునిగాయి. ఇల్లూ ఆదాయమూ ఒకే నీటిని నమ్ముకున్న చోట రెండూ ఒకేసారి దెబ్బతినవచ్చు. అందుకే అత్యవసర నిధిగా మూడు నెలల ఖర్చు సరిపోతుందన్న మాట మీకు చెప్పను. ఆరు నెలలది, అంటే 1,56,000, వేరే ఖాతాలో కదపకుండా ఉండాలి. కార్డు పరిమితినే అత్యవసర నిధి అనుకునేవారున్నారు. అది కూడా అప్పే. కంపెనీ ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కనుక సొంత పాలసీ చూసుకోండి. చీటీలు, ఫండ్ల ఊసు ఇప్పుడు వద్దు.

ఆ 11,000 ముట్టుకోకండి. నెలకు మిగిలే 8,000 మొత్తం కార్డుకే కట్టండి. మళ్లీ దాన్ని వాడకపోతే ఏడు నెలల్లో బాకీ తీరుతుంది. ఆ తర్వాత అదే 8,000 నిధికి మళ్లిస్తే ఏడాదిన్నరలో నిండుతుంది.

ఇక కుర్చీ. వాలు కుర్చీలు ఐరోపాలో కార్ప్ చేపల కోసం రాత్రంతా కాచుకునేవారికి పనికొస్తాయి. వాళ్లు గాలాన్ని స్టాండుకు ఆనించి, చేప లాగితే మోగే అలారం పెట్టుకుని వెనక్కి వాలతారు. గాలం కర్ర చేత్తో పట్టుకునేవారికి వాలుతో పనేమిటి? నడుం కోసం సీటు ఎత్తు చూడండి, కూర్చున్నప్పుడు మోకాళ్లు తుంటి కన్నా పైకి లేవకూడదు. కుర్చీ కాళ్లకు వెడల్పు పాదాలు లేకపోతే ఒండ్రులో దిగబడతాయి. చేతులు ఆన్చుకునే పట్టీలు గాలం విసరడానికి అడ్డు. అంతర్వేది వైపు ఉప్పునీటి దగ్గరికీ వెళ్తుంటే ఇనుము కన్నా అల్యూమినియం మేలు. 1,900కు ఇవన్నీ దొరకకపోవచ్చు, ఎత్తు, పాదాలు కుదిరితే చాలు.

బాకీ తీరిన మరుసటి నెలలో, కొట్టులో పది నిమిషాలు కూర్చుని చూసి, రొక్కం ఇచ్చి కొనండి. అప్పటిదాకా ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్లి దాని కాళ్ల కింద చెక్క పలక వేసుకోండి. నడుం నొప్పి అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి, ఆ ఫీజు కూడా కార్డుపై వద్దు.