మచ్చ వయసు చూడు, అమ్మలూ

అమ్మలూ,

పీహెచ్‌డీకి ఎండోమెట్రియోసిస్, అదే గర్భాశయం లోపలి పొర లాంటిది గర్భాశయం బయట పెరిగే జబ్బు, తీసుకున్నావనీ, అందులోనూ రక్తనాళాలు ఎలా పుట్టుకొస్తాయన్న దాని మీద పని చేస్తావనీ నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మనింటి పిల్ల ఈ జబ్బు సంగతి తేల్చడానికి పూనుకుందన్న గర్వం ఒకవైపు, ఎలుకల దగ్గరే ఆగిపోతావేమోనన్న టెన్షన్ ఇంకోవైపు.

వెనక్కి పోయే నెలసరి రక్తంతో ఈ జబ్బు వస్తుందని శాంప్సన్ 1927లో రాసింది, గడ్డ పెరగాలంటే కొత్త రక్తనాళాలు కావాలని ఫోక్‌మన్ 1971లో రాసింది ఎలాగూ చదువుతావు. నెలసరి రక్తం కొంత ట్యూబుల గుండా వెనక్కి, పొత్తికడుపులోకి పోవడం చాలామంది ఆడవాళ్లలో జరిగేదే. జబ్బు మాత్రం పదిమందిలో ఒకరికే వస్తుంది. ఆ రక్తంతో వెనక్కి పోయిన గర్భాశయం పొర ముక్క నాటిన నారులా వేరు పట్టాలంటే దానికి రక్తం అందాలి. ఆ ముక్క వీఈజీఎఫ్ లాంటి, నాళాల్ని పెంచే ప్రొటీన్లు విడుదల చేస్తే పెరిటోనియం, అంటే పొత్తికడుపు లోపలి పొర, కిందున్న సన్నని నాళాలు కొమ్మలు వేసి దాని వైపు వస్తాయి. కొందరిలోనే ఇది ఎందుకు జరుగుతోందని అడుగుతున్నావు చూడు, అది అడగాల్సిన ప్రశ్నే.

అసలు ఈ ఉత్తరం రాస్తున్నది వేరే సంగతి కోసం. నేను పీజీ చేసే రోజుల్లో మాకు నేర్పింది నల్ల మచ్చ ఒక్కటే. తుపాకిమందు అంటుకుని కాలినట్టు నీలం నలుపు మచ్చలుంటే ఎండోమెట్రియోసిస్, లేకపోతే లేదు. అప్పట్లో ఒక డిగ్రీ పిల్ల వచ్చేది. నెల నెలా నొప్పి వస్తే మంచం మీద పడుకోలేక, కింద కూర్చుని మంచం కోడు పట్టుకుని పళ్లు బిగించేది. మా సీనియర్ సర్జన్ ల్యాపరోస్కోపీ చేశారు. నేను పక్కనే ఉన్నాను. గర్భాశయం వెనక పొర మీద చిన్న చిన్న ఎర్రటి మచ్చలు, చుట్టూ ఉన్న సన్నని నాళాలన్నీ వాటి వైపే వంగి ఉన్నాయి. ఆయన ఒకసారి చూసి, "కొంచెం వాపు, అంతే" అని స్కోప్ బయటికి తీసేశారు. కేస్‌షీట్‌లో నార్మల్ అని రాశారు. వాళ్లమ్మతో "పెళ్లి చేసేయండమ్మా, అదే తగ్గిపోతుంది" అన్నారు. ఆవిడ నమ్మింది. పెద్ద డాక్టరు చెప్తే నమ్మక ఏం చేస్తుంది?

కొన్నేళ్లకు అదే పిల్ల పెళ్లయి, పిల్లలు లేక మళ్లీ వచ్చింది. ఈసారి అండాశయంలో చాక్లెట్ సిస్టు, అంటే పాత రక్తం నిండిన తిత్తి. పేగు గర్భాశయానికి అతుక్కుపోయింది. సర్జన్ చెడ్డవాడు కాదు, మంచి చెయ్యి ఉన్నవాడు. పుస్తకంలో నలుపే ఉంది, ఆయన నలుపే వెతికాడు. 1986లో ఆస్ట్రేలియాలో జాన్సెన్, రస్సెల్ నలుపు లేని మచ్చల్లో కూడా ఇదే జబ్బు ఉంటుందని చూపించారు. తర్వాత బెల్జియంలో నిసోల్, డోనె బృందం ఎర్రవే తొలిదశవనీ, వాటిలోనే రక్తనాళాలు ఎక్కువనీ చెప్పింది. రక్తం ముదిరి రంగు దిగితే నలుపు, మచ్చకట్టి మిగిలితే తెలుపు. అంటే నాళాలు జోరుగా పెరుగుతున్న దశనే నార్మల్ అని ఇంటికి పంపాం. ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

అదే తప్పు ల్యాబుల్లోనూ జరుగుతుందని నా దిగులు. ఎలుకకు నెలసరి రాదు. దాని పొట్టలో ముక్కను అంటించి, వెంటనే నాళాల పెరుగుదలను ఆపే మందు మొదలుపెడితే కొత్త నాళాలు ముడుచుకుపోతాయి, గ్రాఫు అందంగా వస్తుంది. కానీ మన దగ్గరికి వచ్చే అమ్మాయికి జబ్బు పేరు తెలిసేసరికే ఏళ్లు గడిచిపోతాయి. ఈలోగా ఆ నాళాల చుట్టూ పెరిసైట్లు అనే కణాలు పట్టుకుని గట్టిపడతాయి. అలాంటి ముదురు నాళాన్ని వీఈజీఎఫ్ అడ్డుకునే మందు అంతగా కదిలించలేదు. అందుకని అన్ని నాళాల్నీ చూపించే సిడి31 ఒక్కటే స్టెయిన్ చేసి నాళాలు లెక్కపెట్టకు. పక్కనే, ముదురు నాళాల చుట్టూ ఉండే కణాల్ని చూపించే ఆల్ఫా ఎస్‌ఎమ్‌ఏ కూడా వేసి, ఏ నాళం లేతదో ఏది ముదురుదో చూడు. శాంపిల్ ట్యూబులో వస్తే తీసుకుని సంతోషపడకు. థియేటర్‌లోకి వెళ్లు, మచ్చ ఏ రంగులో ఉందో కళ్లతో చూసి రాసుకో. సర్జన్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

నెలసరిలో ఎన్నో రోజు, ఆ అమ్మాయి డైనోజెస్ట్ లాంటి హార్మోన్ మాత్రలేమైనా వాడుతోందా అన్నవి ప్రతి శాంపిల్‌కీ రాయాలి. ఇది నీకు చెప్పక్కర్లేదు.

ఇంకో భయం కూడా ఉంది. నెల నెలా అండం విడుదలయ్యాక అండాశయంలో ఏర్పడే కార్పస్ లూటియం నిలబడటానికి, గర్భాశయం పొర మళ్లీ పెరగడానికి కొత్త నాళాలు కావాలి. నీ మందు వాటిని వదిలేస్తుందా? ఈ జబ్బుతో వచ్చేవాళ్లలో చాలామందికి పిల్లలు కావాలి. గర్భిణులకు వేవిళ్లకని ఇచ్చిన థాలిడోమైడ్‌ను 1961లో మార్కెట్ నుంచి తీసేశారు, చేతులు సరిగా ఏర్పడని పసివాళ్లు పుట్టాక. అది రక్తనాళాల పెరుగుదలను ఆపుతుందని 1994లో ఫోక్‌మన్ ల్యాబులోనే తేల్చారు. ఎలుక బరువు తగ్గలేదు కాబట్టి మందు సురక్షితం అని నీ థీసిస్‌లో కనిపించిందంటే చెవి మెలిపెడతాను.

తిండి మానేసి ల్యాబులో కూర్చోవడం నీ అలవాటు, అది కుదరదు. పొడులు, పచ్చళ్లు నేనే పంపిస్తాను.

చివరిగా, నువ్వు తప్పించుకుంటున్న మాట. ఇంటర్ పరీక్షలప్పుడు వేడినీళ్ల సీసా పొట్టకు అదుముకుని చదివినదానివి. ఇప్పటికీ ప్రతి నెలా ఒక రోజు పడిపోతున్నావని మీ అమ్మ అంది. చేరేలోపు వచ్చి స్కాన్ తీయించుకో. నార్మల్ అని వస్తే ఆ కాగితం చూపించి నన్ను ఊరుకోబెట్టొద్దు, పొర మీది పలచటి మచ్చలు స్కాన్‌కు చిక్కవు. నాకు తెలిసిన మంచి ల్యాపరోస్కోపీ డాక్టరమ్మ ఉంది, ఎర్ర మచ్చల్ని కూడా వెతికే మనిషి. ఆవిడతో మాట్లాడాను. ఏ రోజు రాగలవో నాకు మెసేజ్ పెట్టు.

నీ పెద్దమ్మ