తొలగించిన వికీపీడియా పేజీ తిరిగి వస్తుందా?

ప్రశ్న: ఉదయగిరి చెక్క గరిటెల మీద తెలుగు వికీపీడియాలో పేజీ రాశాను. వారం తిరక్కుండానే తీసేశారు. నా మార్పుల జాబితాలోనూ లేదు. కాపీ పెట్టుకోలేదు. తిరిగి తెచ్చుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, ఉదయగిరి, నెల్లూరు జిల్లా

జవాబు: మీరు రాసింది ఎక్కడికీ పోలేదండీ. పేజీని తొలగిస్తే దాని కూర్పులు (ఒక్కో మార్పు తర్వాత భద్రమైన రూపాలు) మామూలు వాడుకరులకు కనబడవు, అంతే. సర్వర్లో భద్రంగా ఉంటాయి. నిర్వాహకులు (పేజీలు తొలగించే అధికారం ఉన్న వాడుకరులు) చూడగలరు, వెనక్కి తేగలరు.

ముందు కారణం తెలుసుకోండి. అదే పేరుతో పేజీ తెరిస్తే తొలగింపు చిట్టాలోని వరుస కనబడుతుంది: తేదీ, తొలగించినవారి పేరు, కారణం. పేరు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ‘గరిటెలు’కు బదులు ‘గరిటలు’ అని కొడితే ఏమీ రాదు. పేజీ వేరే వ్యాసానికి వెళ్తుంటే అది తొలగింపు కాదు, దారిమార్పు. పైనున్న చిన్న లింకు నొక్కి, చరిత్రలోకి (ఆ పేజీలో జరిగిన మార్పుల జాబితాలోకి) వెళ్తే పాత కూర్పు దొరుకుతుంది. దానికి ఎవరినీ అడగక్కర్లేదు.

మూలాలు లేవనో, ప్రకటనలా ఉందనో తీసేసి ఉంటే ఆ నిర్వాహకుల చర్చ పేజీలో ఇలా రాయండి: “ఉదయగిరి చెక్క గరిటెలు పేజీని చరిత్రతో సహా నా వాడుకరి ఉపపేజీలోకి పునస్థాపించగలరు. భౌగోళిక గుర్తింపు నమోదు వివరాలు, పత్రికా కథనాలు మూలాలుగా చేరుస్తాను.” వాడుకరి ఉపపేజీ అంటే మీ వాడుకరి పేరు కింద ఉండే చిత్తు పేజీ. చివర నాలుగు టిల్డె గుర్తులు (~~~~) పెడితే సంతకం పడుతుంది. జవాబు రాకపోతే రచ్చబండలో (తెలుగు వికీపీడియా వాడుకరుల ఉమ్మడి చర్చా పేజీలో) అడగండి. ఏ మూలాలు చేరుస్తారో చెప్పడమే ఇందులో ముఖ్యం. ‘దయచేసి తిరిగి పెట్టండి’ అని మాత్రమే రాస్తే వాళ్లు నిర్ణయించడానికి ఆధారం ఉండదు.

‘చరిత్రతో సహా’ అన్న మాట వదలకండి. వికీపీడియా పాఠ్యానికి సీసీ బై-ఎస్‌ఏ 4.0 లైసెన్సు ఉంది, అంటే దాన్ని వాడుకునేవారు రాసినవారిని పేర్కొనాలి. ఎవరెవరు రాశారో చరిత్రే చూపిస్తుంది. పాఠ్యం ఒక్కటీ చాలనుకుంటే ఈమెయిల్లో పంపమనవచ్చు. అందుకు మీ అభిరుచుల్లో (ఖాతా సెట్టింగుల్లో) ఈమెయిలు ధ్రువీకరించి ఉండాలి.

వేరే వెబ్‌సైటు నుంచి ఎత్తి రాసినందుకు తీసేస్తే మాత్రం పునస్థాపన అడగొద్దు, ఇవ్వరు. సొంత మాటల్లో మళ్లీ రాయాలి. లోపం సరిచేయకుండా అదే పాఠ్యాన్ని మళ్లీ మళ్లీ ఎక్కించినా పోతుంది, ఒక్కోసారి ఆ పేరుతో పేజీ సృష్టించే వీలు లేకుండా తాళం వేస్తారు.

ప్రశ్న: కొత్తపట్నం తీరం ఫొటో వ్యాసంలోంచి మాయమైంది. తెవికీ నిర్వాహకులను అడగాలా?
– ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఫొటోను కామన్స్‌లోకి ఎక్కించి ఉంటే అక్కడే అడగాలి. కామన్స్ అంటే వికీపీడియాలకు ఫొటోలు భద్రపరిచే వేరే ప్రాజెక్టు, నిర్వాహకులూ వేరు. తీసింది మీరేనని చూపడానికి కెమెరా వివరాలు చెరగని అసలు ఫైలు దగ్గరుంచుకోండి. వాట్సాప్‌లో వచ్చిన కాపీలో అవి సాధారణంగా ఉండవు. ఫొటో తిరిగొచ్చాక వ్యాసం కూడా చూడండి. ఫైలు పోయినప్పుడు బాట్ (తనంతట తానే పనిచేసే ప్రోగ్రాము) ఆ లింకును తీసేస్తుంది కాబట్టి, దాన్ని మళ్లీ మీరే చేర్చాల్సి రావచ్చు.