బ్యాటిల్ బ్రదర్స్‌లో జట్టంతా పోతుంటే

కావలి నుంచి రాసిన తమ్ముడూ, కిరాయి సైనికుల జట్టును నడిపే ఈ కంప్యూటర్ ఆటలో బందిపోట్లు వస్తే చాలు జట్టంతా పోతోంది, ఆట వదిలేయనా అని అడిగావు. వదలొద్దు. డబ్బంతా కవచాలకే పోస్తున్నావు, అక్కడుంది తంటా. బరువు పెరిగేకొద్దీ ఓపిక తగ్గి, కాసేపటికే మనిషి కత్తి ఎత్తలేడు. కొత్తవాళ్లకు ఈటె, డాలు ఇవ్వు. ఈటె పోటుకు గురి 20 శాతం ఎక్కువ. పొడవాటి ఆయుధమున్నవాణ్ణి వెనక వరసలో పెడితే రెండు గడుల దూరం కొడతాడు. మిట్ట దొరికితే దిగనే దిగొద్దు. మంచి కవచమున్న శత్రువు చివరికి ఒక్కడే మిగిలితే చుట్టుముట్టి బాకుకున్న ‘పంక్చర్’ పోటుతో పొడువు. ఆ పోటు కవచాన్ని తాకదు, మనిషిని తాకుతుంది. వాడు పోయాక కవచం చాలాసార్లు చెడకుండా నీ చేతికొస్తుంది, కొనే పని తగ్గుతుంది. మూడు పుర్రెల గుర్తున్న ఒప్పందాలు, అంటే అన్నిటికన్నా కష్టమైన పనులు, ఇప్పుడే ముట్టుకోకు.

లోపాలు లేవా అంటే, బొమ్మలకు కాళ్లే ఉండవు (అలవాటైపోతుందిలే), చెప్పుకోదగ్గ కథా లేదు. కానీ ఒకప్పుడు జాలరిగా ఉండి నీ జట్టులో చేరినవాడు పది పోరాటాలు గట్టెక్కితే వాడిదే ఒక కథ. ఇంకోటి, పోరు మధ్యలో సేవ్ కాదు. మన ఎండాకాలం కరెంటుకి డెస్క్‌టాప్ మీద ఆడితే యూపీఎస్ పెట్టుకో.