మేనల్లుడికి: బ్యాక్‌సైట్ మరను ఎప్పుడు తిప్పాలి, ఎప్పుడు తిప్పకూడదు

చిరంజీవి మేనల్లుడికి నల్గొండ నుంచి మామయ్య ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

నువ్వు టెక్సాస్‌లో ఇనుప జంతు బొమ్మలను దూరం నుంచి పడగొట్టే సిల్హౌట్ పోటీలకు వెళ్ళడం మొదలుపెట్టావనీ, అందుకోసం ఒక్కొక్క తూటా మాత్రమే పట్టే .22 పిస్టల్ కొన్నావనీ, మూడు పోటీలు ముగిసినా గురి చూసే సైట్ కుదురుకోవడం లేదనీ అక్క ఫోనులో చెప్పింది. దూరబీను బిగించుకుంటే ఈ బాధ తీరుతుందా అని నువ్వు అడిగావట. ఇనుప సైట్‌తోనే ఇంకొక ఏడాది కొనసాగమని నా సలహా. ఎందుకు చెబుతున్నానో ఫోనులో కుదరదు కాబట్టి నిదానంగా రాస్తున్నాను, నువ్వు కూడా తుపాకీ పక్కన పెట్టి నిదానంగా చదువు.

సైన్యంలో ఉన్నంతకాలం నేను కాల్చింది 50 మీటర్ల ఫ్రీ పిస్టల్. అది కూడా .22, అది కూడా ఒక్క తూటాదే, దాని సైట్లు కూడా మరలతో తిప్పుకునే ఇనుప సైట్లే. నేను కాగితం మీద కాల్చాను, నువ్వు ఇనుప బొమ్మలను పడగొడుతున్నావు. కానీ గొట్టం కొసన నిలిచే ఫోర్‌సైట్, కంటి వైపు గాడి ఉన్న బ్యాక్‌సైట్, వాటి వెనుక ఒక కన్ను అన్న సంగతిలో మన ఇద్దరికీ తేడా లేదు. మీ దగ్గరికి వచ్చిన రెండుసార్లూ మీ రేంజిలో కూర్చుని పోటీలు చూశాను కాబట్టి ఆ ఆట పద్ధతి కూడా నాకు కొంత పట్టుబడింది. మెక్సికోలో పుట్టిన ఈ ఆటకు పిస్టల్ వాళ్ళ అంతర్జాతీయ సంఘం 1976లో ఏర్పడింది. పెద్ద పిస్టళ్ళకు కోడి 50 మీటర్లలో, పంది 100లో, టర్కీ కోడి 150లో, పొట్టేలు 200లో నిలబడతాయి. నీ .22 పోటీలో బొమ్మలు చిన్నవవుతాయి, దూరాలు సగమవుతాయి. వరుసకు ఐదు బొమ్మలు, ఐదింటికీ కలిపి రెండు నిమిషాలు. నా ఫ్రీ పిస్టల్‌లో దూరం ఎప్పుడూ ఒక్కటే, నీకు నాలుగు. నీ ఇబ్బంది మొత్తం ఆ నాలుగు దూరాలలోనే ఉంది.

ముందు ఒక లెక్క చూడు. ఫోర్‌సైట్‌కూ బ్యాక్‌సైట్‌కూ మధ్య 25 సెంటీమీటర్లు ఉందనుకుందాం. తూటా సెకనుకు 300 మీటర్ల వేగంతో బయలుదేరితే 100 మీటర్లు చేరేసరికి సుమారు 60 సెంటీమీటర్లు కిందికి జారుతుంది, 25 మీటర్లకైతే మూడున్నర సెంటీమీటర్లే. ఈ రెండింటి తేడాను బ్యాక్‌సైట్ ఎత్తులోకి మార్చి చూస్తే, కోడి నుంచి పొట్టేలు దాకా నీ సైట్ లేవవలసిన మొత్తం ఎత్తు ఒక మిల్లీమీటరు, దాని మీద ఇంకొక పావు మిల్లీమీటరు లోపు. పోటీ అంతా ఆ కొంచెంలోనే జరుగుతోంది. గాడిలో ఫోర్‌సైట్ పదో వంతు మిల్లీమీటరు పక్కకు జరిగితే 100 మీటర్ల దగ్గర తూటా 4 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. చెయ్యి ఊగడం వల్ల వచ్చే తప్పు ఇంత పెద్దది కాదు. రెండు సైట్లూ ఒకదానికొకటి సరిగ్గా ఉండి, ఆ జత మొత్తం బొమ్మ మీద రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ తేలుతుంటే తూటా కూడా ఆ రెండు సెంటీమీటర్లలోనే పడుతుంది. అందుకే చేతి ఊపును చూసి భయపడవద్దు, గాడిలో వెలుతురును చూడు. ఫోర్‌సైట్‌కు రెండు పక్కలా సమానమైన వెలుగు గీతలు ఉండాలి, దాని నెత్తి గాడి అంచుతో సమంగా ఉండాలి, కన్ను దాని మీదే నిలవాలి. బొమ్మ మసకగా కనబడుతుంది, కనబడనీ. బొమ్మ స్పష్టంగా కనబడిన క్షణంలో ఫోర్‌సైట్ మసకబారిందని అర్థం, ఆ క్షణంలో ట్రిగ్గర్ నొక్కకూడదు.

ఇప్పుడు మర సంగతికి వస్తాను. మర తిరిగేటప్పుడు టిక్కుమనే ఒక్కొక్క మెట్టును క్లిక్కు అంటారు, ఒక క్లిక్కుకు తూటా ఎంత జరుగుతుందో పిస్టల్‌తో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది, దాన్ని నమ్మకుండా నువ్వే కొలుచుకో. గాలి లేని పొద్దున 50 మీటర్ల దగ్గర ఒక పెద్ద కాగితం పెట్టి, ఆనుకుని కూర్చుని ఐదు తూటాలు కాల్చు. పిస్టల్ తెరిచి, తూటా పట్టే గది ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకుని, బ్యాక్‌సైట్‌ను 20 క్లిక్కులు పైకి తిప్పు. గురి మార్చకుండా మళ్ళీ ఐదు కాల్చు. ఐదేసి తూటాల ఆ రెండు గుంపుల, అంటే గ్రూపుల, నడిమి బిందువుల మధ్య దూరాన్ని 20తో భాగిస్తే వచ్చేదే నీ పిస్టల్ క్లిక్కు. ఆ తరువాత 20 క్లిక్కులు కిందికి తిప్పి మూడోసారి ఐదు కాల్చు. మొదటి గ్రూపు పడిన చోటనే ఇదీ పడితే నీ సైట్ నిజాయితీ గలది. పడకపోతే మరలో వదులు ఉందన్నమాట. చాలా సైట్లలో ఆ వదులు ఎంతో కొంత ఉంటుంది, దానికి మందు కూడా ఉంది. సైట్‌ను ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి తన స్థానానికి తీసుకురావాలి. పొట్టేలు నుంచి కోడికి దిగేటప్పుడు కోడి గుర్తు దాటి నాలుగైదు క్లిక్కులు కిందికి పోయి, అక్కడి నుంచి పైకి వచ్చి ఆగు. ఎక్కేటప్పుడు ఎలాగూ పైకే వస్తావు. ఇలా చేస్తే వదులు ఎప్పుడూ ఒక పక్కకే ఉంటుంది, నీ లెక్క చెడిపోదు.

లెక్కను అడుగు నుంచి మొదలుపెట్టు. మరను బలవంతం లేకుండా అడుగు దాకా దించి, అది సున్నా అనుకుని, కోడికి ఎన్ని, పందికి ఎన్ని, టర్కీకి ఎన్ని, పొట్టేలుకు ఎన్ని అని చిన్న నోటుబుక్కులో రాసుకో. పోటీ మధ్యలో సైట్ ఎన్ని క్లిక్కుల మీద ఉందో మరిచిపోతే అడుగుకు దించి మళ్ళీ లెక్కపెట్టుకోవచ్చు. మీ రేంజిలో ఒక పెద్దమనిషి రెండో విడతలో మొదటి మూడు కోళ్ళనూ వదిలేయడం నేను చూశాను. ఆయన సైట్ ఇంకా పొట్టేలు మీదే ఉంది. అందుకని పొట్టేళ్ళు ముగిసి, పిస్టల్ తెరిచి ఖాళీ చేసిన వెంటనే, బెంచీ వదలకముందే సైట్‌ను కోడికి దించే అలవాటు చేసుకో. తరువాత దించుదామనుకుంటే ఎవరో ఒకరు పలకరిస్తారు, ఆ మాటల్లో మరిచిపోతావు.

ఆ అంకెల పక్కనే నువ్వు ఎలా కాల్చావో కూడా రాయాలి. వెల్లకిలా పడుకుని, మోకాలు ముడిచి, కాలి పక్కన గొట్టాన్ని ఆనించి కాల్చే పద్ధతిని అక్కడ చాలామంది వాడుతున్నారు. అందులో కన్ను సైట్‌కు దూరమవుతుంది, గాడిలో వెలుగు గీతలు సన్నబడతాయి, పిస్టల్ ఎగిరే తీరు మారుతుంది. నిలబడి కాల్చిన అంకెలు పడుకున్నప్పుడు పనికిరావు. రెండింటికీ రెండు పేజీలు పెట్టు. తూటా కంపెనీ మారినా కొత్త పేజీయే.

ఇక ఈ ఉత్తరం దేని కోసం మొదలుపెట్టానో ఆ మాట రాస్తాను. సైన్యంలో నా జట్టు ఎంపిక పోటీలో మూడో వరుస మొదటి తూటా కాగితం మీద కుడి పక్క ఏడు పాయింట్ల వలయంలో పడింది. నేను వెంటనే రెండు క్లిక్కులు ఎడమకు తిప్పాను. తరువాతిది ఎడమ ఏడులో పడింది. ఒకటి కుడికి తిప్పాను, అది కిందికి పోయింది. ఒకటి పైకి తిప్పాను. ఆ పది తూటాలలో నేను ఆరుసార్లు మర తిప్పాను, వరుస ముగిసేసరికి సైట్ ఎక్కడుందో నాకే తెలియలేదు. జట్టులో నా చోటు పోయింది. సాయంత్రం కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంటే అర్థమైంది, మొదటి తూటాకు నేను పిడిని బిగించి పట్టాను, ట్రిగ్గర్‌ను పక్కకు లాగాను. సైట్‌లో ఏ దోషమూ లేదు. చేతి తప్పును మరతో దిద్దబోయి, దిద్దిన ప్రతిసారీ కొత్త తప్పును కలిపాను. ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది, అందుకే దూరబీను సంగతి తరువాత, ముందు నీ చేతి తప్పేదో సైట్ తప్పేదో తెలుసుకోమని ఇంత గట్టిగా చెబుతున్నాను.

అక్కడ దుర్భిణితో పక్కన కూర్చుని తూటా ఎక్కడ తగిలిందో చెప్పే మనిషి ఉంటాడు. అతడు నోరు తెరవకముందే, ట్రిగ్గర్ విడిచిన క్షణంలో ఫోర్‌సైట్ ఎక్కడుందో నువ్వు చెప్పగలగాలి. ‘ఎడమకు పోయింది’ అని నీ మనసు చెప్పి, అతడూ ‘ఎడమ’ అంటే తప్పు నీదే, మరను ముట్టుకోవద్దు. ‘బాగా పోయింది’ అని నువ్వనుకుంటే అతడు ‘కింద’ అంటే, ఒక్కసారికి తిప్పవద్దు, ఇంకొకటి కాల్చు. మళ్ళీ బాగా పోయిందనిపించి మళ్ళీ కిందే పడితే అప్పుడు తిప్పు, రాసుకున్న క్లిక్కు విలువ ప్రకారం ఎంత అవసరమో అంతా ఒకేసారి తిప్పు. బ్యాక్‌సైట్‌ను ఎటు జరిపితే తూటా అటే పోతుందని నీకు తెలుసు, ఫోర్‌సైట్ దానికి వ్యతిరేకం.

గాలికి మాత్రం పక్క మరను వాడకు. రెండు నిమిషాలలో గాలి రెండుసార్లు మారుతుంది. పంది, పొట్టేలు అడ్డంగా పొడుగైన బొమ్మలు కాబట్టి గాలి కొంత తోసినా ఒంటి మీదే తగులుతుంది, గురిని కొంచెం గాలి వచ్చే పక్కకు పెడితే సరిపోతుంది. టర్కీ ఒళ్ళు సన్నం, నాలుగింటిలో అదే కష్టం. దాని ముందు గాలి తగ్గేదాకా ఆగే ఓపిక నేర్చుకో, ఒక్కొక్క తూటాకు 24 సెకన్లు వస్తాయి, అవి తక్కువేమీ కాదు. ఎండమావుల సంగతి నల్గొండలో పుట్టినవాడికి చెప్పనక్కరలేదు. ఏప్రిల్‌లో పానగల్లు దారి మీద దూరంగా నీళ్ళు పారుతున్నట్టు కనబడేది ఎలాగో, మధ్యాహ్నం బొమ్మలు కూడా అలాగే ఉన్న చోటు నుంచి జరిగి కనబడతాయి. కాబట్టి గురి పెట్టిన చోటే తూటా పడేలా సైట్‌ను పొద్దున్నే జీరో చేసుకో.

ఎండ ఫోర్‌సైట్ అంచు మీద మెరిస్తే కన్ను మోసపోతుంది, మెరిసిన పక్క కనబడక మిగతా నలుపునే గాడి మధ్యలో పెడుతుంది, గ్రూపు పక్కకు పోతుంది. నేను సైట్లకు హారతి కర్పూరం మసి పట్టించేవాణ్ణి. పిస్టల్ ఖాళీ చేసి, తూటాలు వేరే గదిలో పెట్టి, సైట్ మీది నూనె తుడిచి, కర్పూరం పొగను రెండు క్షణాలు తగలనిస్తే కాటుకంత నల్లగా, మెరుపు లేకుండా అవుతుంది. పోటీ ముగియగానే తుడిచి సన్నగా నూనె రాయాలి, మసి తేమను పట్టి తుప్పు తెస్తుంది. సైట్ మీద తెల్ల చుక్కలూ ఎర్ర ముక్కలూ ఉంటే వాటిని కూడా నల్లగా చేసెయ్యి, అవి ఈ ఆటకు పనికిరావు.

నువ్వు సైట్ మర గాడిని చెడగొట్టుకున్నావని అక్క పంపిన ఫొటోలో చూశాను. మొద్దు స్క్రూడ్రైవర్‌తో తిప్పినందువల్ల అలా అయింది. గడియారం సెంటర్ దగ్గర వాచీలు బాగుచేసే ఆయన చేత నీ మర గాడికి సరిపోయేలా ఒకటి అరగదీయించాను, వచ్చే నెల మీ దగ్గరికి వస్తున్న మన ఊరివాళ్ళతో పంపిస్తున్నాను. అది అందాక 20 క్లిక్కుల పరీక్ష చేసి, మూడు గ్రూపులూ ఉన్న కాగితాన్ని పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి పంపు. మూడో గ్రూపు మొదటి చోటికి తిరిగి వచ్చిందా లేదా చూసి, సైట్ మార్చాలో అక్కరలేదో చెబుతాను.

ఇట్లు
మామయ్య
నల్గొండ