అది వేరే సంగతి కాదమ్మా

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాకు 54 ఏళ్లు. ఇద్దరాడపిల్లలు. పెద్దమ్మాయికి 29, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్లుగా శని, ఆదివారాలు ఒక ఆశ్రమానికి వెళ్తోంది. ఇప్పుడు పెళ్లి చేసుకోనని, ఉద్యోగం మానేసి కార్తీకంలో బ్రహ్మచారిణిగా చేరిపోతానని అంటోంది. కుజదోషం ఉందంటే శాంతి చేయించాం. తిరుమలలో కల్యాణోత్సవం చేయించాం. చిన్నమ్మాయికి సంబంధాలు వస్తున్నాయి కానీ అందరూ పెద్దదాని సంగతేంటని అడుగుతున్నారు. నేను అన్నం మానేసి కూర్చుంటే దారికొస్తుందా? మావారితో చెప్పుకునే దారి లేదు. మా నాన్న పసుపుకుంకుమ కింద ఇచ్చిన ఎకరం ఆయన పేరు మీద ఉంటే, తమ్ముడి అప్పు తీర్చడానికి నాతో మాట మాత్రం చెప్పకుండా అమ్మేశారు. అప్పటి నుంచి పదకొండేళ్లుగా మాకు మాటల్లేవు. అది వేరే సంగతి. బీపీ మాత్ర వేసుకోమనాలన్నా పెద్దమ్మాయే ఆయనకి ఫోన్ చేసి చెబుతుంది.

జవాబు: అమ్మా, మీరు అడిగిన వాటికి ముందు జవాబు చెప్పేస్తాను. అన్నం మానేయకండి. మీరు రెండు రోజులు పస్తుంటే ఆ పిల్ల భయపడి సరే అనొచ్చు. అలా సరే అన్న పిల్లని కట్టుకునే అబ్బాయి ఏం పాపం చేశాడు? చిన్నమ్మాయి సంబంధాలు ఆపకండి. వచ్చినవాళ్లకి ‘మా పెద్దమ్మాయి పెళ్లి వద్దంటోంది’ అని మొదటి మాటగానే చెప్పండి. అది విని వెళ్లిపోయేవాళ్లని వెళ్లిపోనివ్వండి. దోషాల గురించి నన్ను అడగొద్దు.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఒక్క మాట దగ్గర. ‘అది వేరే సంగతి’ అన్నారు. అది వేరే సంగతి కాదమ్మా.

ఒకసారి ఆలోచించండి. మీరు వంటింట్లో ఉంటారు, ఆయన హాల్లో ఉంటారు. మధ్యలో పది అడుగులు. మాత్ర సంగతి మీరు హైదరాబాద్‌కి చెబుతారు. ఆ పిల్ల ఆఫీసు నుంచి వస్తూ ఎక్కడో నిలబడి, మళ్లీ మీ ఇంటికే, ఆయన నంబరుకి ఫోన్ చేసి చెబుతుంది. ఆయనేమన్నారో విని, మీకు కోపం రాకుండా ఒకటి రెండు మాటలు మింగేసి మీకు చెబుతుంది. ఇది మొదలైనప్పుడు ఆమెకి పద్దెనిమిదేళ్లు. మొగుడూ పెళ్లాలంటే ఎలా ఉంటారని ఆమెని అడిగితే, మీ ఇల్లు తప్ప ఇంకేం చూపిస్తుంది?

ఆమె ఆశ్రమానికి వెళ్లడానికి మీరే కారణమని నేననడం లేదు. నిజంగా భగవంతుడి మీదే మనసు నిలిచిన ఆడవాళ్లు మనకి కొత్త కాదు. మీరు తిరుమల వెళ్లారు కదా, అన్నప్రసాదం తినే ఉంటారు. ఆ కేంద్రానికి తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. చిన్నతనంలోనే పెళ్లయి, భర్త పోతే, తన భర్త వేంకటేశ్వరుడేనని చెప్పి పసుపుకుంకుమలు తీయనివ్వని మనిషి ఆమె. ఆ రోజుల్లో ఆమె ఎన్ని మాటలు పడి ఉంటుందో మీలాంటి తల్లికి నేను చెప్పక్కర్లేదు. ఇప్పటికీ ఏకాంతసేవలో తాళ్లపాక వారి లాలి పాడాక తరిగొండ వారి ముత్యాల హారతి ఇస్తారు. ఇంకా వెనక్కి వెళితే, భారతంలో శాంతిపర్వంలో సులభ అనే సన్యాసిని ఉంది. జనక మహారాజు నిండు సభలో నువ్వెవరు, ఎవరి దానివి అని నిలదీస్తే, నాకు తగిన వరుడు దొరకలేదు, అందుకని మోక్షధర్మం నేర్చుకుని ఒంటరిగా తిరుగుతున్నానని తడుముకోకుండా చెప్పింది. పెళ్లి కాని ఆడపిల్లని లోపం ఉన్న వస్తువులా చూడటం మన పుస్తకాల్లోంచి వచ్చింది కాదు, మన వీధి అరుగుల మీంచి వచ్చింది.

కానీ ఒక దాని వైపు నడవడం వేరు, ఇంకోదాన్నుంచి పారిపోవడం వేరు. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో రెండు రకాల వాళ్లనీ చూశాను. పారిపోయి వెళ్లిన పిల్ల అక్కడ కూడా ఎవరో ఇద్దరి మధ్య కబుర్లు మోస్తూనే ఉంటుంది. మీ అమ్మాయి ఏ రకమో నేను చెప్పలేను. ఆమెకి కూడా ఇప్పుడు తెలియకపోవచ్చు. ఇంట్లో ఈ బరువు దిగితే గానీ తెలియదు.

అందుకే తొందర పడొద్దని ఆమెకి చెప్పండి, పెళ్లి మాట ఎత్తకుండా చెప్పండి. రాజీనామా బదులు కొన్నాళ్లు సెలవు పెట్టి అక్కడ ఉండి చూడమనండి. మీరూ ఒకసారి వెళ్లి ఆశ్రమం వాళ్లని నేరుగా అడగండి. దీక్షకి ముందు ఎన్నాళ్లు ఉంచుతారు? మధ్యలో వద్దనుకుంటే ఇంటికి పంపుతారా? దాచుకున్న డబ్బు రాసిమ్మంటారా? క్యాథలిక్ క్రైస్తవంలో కన్యాస్త్రీ కావాలన్నా కనీసం ఏడాది నవిషియేట్‌లో, అంటే వ్రతాలకి ముందు శిక్షణలో ఉండాలి, ఆ తర్వాత కనీసం మూడేళ్లు తాత్కాలిక వ్రతాలు, అప్పుడు గానీ శాశ్వత వ్రతం ఇవ్వరు. బుద్ధుడి కొడుకు రాహులుడికి ప్రవ్రజ్య, అంటే సన్యాస దీక్ష ఇచ్చేశాక తాత శుద్ధోదనుడు వెళ్లి బుద్ధుడి దగ్గర దుఃఖపడితే, ఇకమీదట తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లలకి ప్రవ్రజ్య ఇవ్వొద్దని ఆయన నియమం పెట్టాడు. మీ అమ్మాయి చిన్నపిల్ల కాదు, మీ సంతకం అక్కర్లేదు. అయినా కన్నవాళ్లతో కూర్చుని మాట్లాడటానికి ఇష్టపడని చోటైతే, కార్తీకంలోపే చేరిపొమ్మని తొందరపెట్టే చోటైతే, అప్పుడు గట్టిగా అడ్డు చెప్పండి. డబ్బు గానీ పీఎఫ్ గానీ ఎవరికీ రాసివ్వొద్దనండి.

ఇప్పుడు మీ ఎకరం గురించి. మీకు జరిగింది అన్యాయమే. సర్దుకుపొమ్మని మీకు చాలామంది చెప్పి ఉంటారు, నేను చెప్పను. పెళ్లి పీటల మీద ఆయన చేత చెప్పించిన మాటలు గుర్తున్నాయా? ధర్మేచ, అర్థేచ, కామేచ, నాతిచరామి. డబ్బు విషయంలో కూడా నిన్ను కాదని దాటిపోను అని దానర్థం. పరాయి ఆడదాన్ని చూస్తేనే మాట తప్పినట్టు అనుకుంటాం కానీ, ఆయన ‘అర్థేచ’ దగ్గర తప్పారు. ఆ మాట ఈ పదకొండేళ్లలో ఆయన ముఖం మీద ఒక్కసారి అడిగారా? మీరు మాట్లాడటం మానేశారు. ఆయనకది కష్టంగా కూడా లేదేమో, తప్పు ఒప్పుకోవాల్సిన పని తప్పిపోయింది. మీ మౌనం వల్ల ఆయనకి పడాల్సిన శిక్ష ఆ పిల్లకి పడింది.

క్షమించమని అనడం లేదు. క్షమించాలనిపించకపోతే మానేయండి. అడగండి. ఎందుకు అమ్మారు, నాతో ఎందుకు చెప్పలేదు, తమ్ముడి దగ్గర్నుంచి ఎంత తిరిగొచ్చింది. అరవాలనిపిస్తే అరవండి. ఆయన కూడా అరుస్తారు. రెండు మూడు రోజులు ఇల్లు అతలాకుతలమవుతుంది, టెన్షన్‌తో నిద్ర పట్టదు. పట్టకపోతే పట్టకపోయింది. ఆ గొడవ మీ ఇద్దరి మధ్యే ఉండనివ్వండి, హైదరాబాద్ దాకా పోనివ్వొద్దు.

ఈ రాత్రి అన్నాలయ్యాక బీపీ మాత్రా గ్లాసుడు నీళ్లూ తీసుకుని మీరే హాల్లోకి వెళ్లండి. ‘ఏమండీ’ అని మీ నోటితో పిలవండి. నోరు పెగలకపోతే మాత్ర చేతిలో పెట్టి కాసేపు అక్కడే కూర్చోండి.

తర్వాత అమ్మాయి ఫోన్ చేసినప్పుడు డాడీకి చెప్పమని ఏమీ చెప్పొద్దు. మూడేళ్ల నుంచి ఆ ఆశ్రమానికి వెళ్తోందని రాశారు. అక్కడ పొద్దున్నే ఎన్నింటికి లేస్తుందో, ఏం తింటుందో, ఏం చదువుతుందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అది అడగండి.