మెయిల్ వచ్చినా లాగిన్‌లో ‘నో మెయిల్’ అంటోంది

ప్రశ్న: డెబియన్ లినక్స్ సర్వర్‌లో పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రాం వాడుతున్నాను. మెయిల్ హోమ్ డైరెక్టరీలోని మెయిల్‌డిర్‌కి (ఒక్కో మెయిల్‌ను ఒక్కో ఫైలుగా దాచే ఫోల్డర్) సక్రమంగానే చేరుతోంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అయితే మాత్రం ఎప్పుడూ ‘నో మెయిల్’ అనే వస్తోంది. లాగిన్.డెఫ్స్ అనే సెట్టింగుల ఫైలులో మెయిల్_డిర్ లైను మార్చి చూశాను, లాభం లేదు.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: లాగిన్.డెఫ్స్‌ని మళ్లీ ఎప్పటిలా ఉంచేయండి. ఆ లైను యూజర్లను చేర్చే, తీసేసే కమాండ్ల కోసం. లాగిన్‌లో కనిపించే మాట పామ్ (లాగిన్ తనిఖీలు చూసే వ్యవస్థ)లోని పామ్_మెయిల్ అనే మాడ్యూల్‌ది. వేరే చోటు చెప్పకపోతే అది /వార్/మెయిల్‌లో మీ పేరుతో ఉన్న ఫైలునే చూస్తుంది. అక్కడ ఏమీ లేదు కాబట్టి ‘నో మెయిల్’ అంటోంది.

/ఈటీసీ/పామ్.డి/ఎస్‌ఎస్‌హెచ్‌డి ఫైలును రూట్‌గా (అడ్మిన్‌గా) తెరిచి, పామ్_మెయిల్.ఎస్‌ఓ ఉన్న లైనులో ‘నోఎన్వ్’ తర్వాత డిర్=~/మెయిల్‌డిర్ అని చేర్చండి. అసలు ఫోల్డర్ పేరులో మొదటి అక్షరం పెద్దదైతే ఇక్కడా పెద్దదే ఉండాలి. ఆ లైను చివర ఒక హ్యాష్ గుర్తు, కామెంట్ ఉంటాయి. చాలామంది కొత్త ఆప్షన్‌ను దాని తర్వాత రాసి, పనిచేయలేదంటారు. హ్యాష్‌కి ముందే రాయాలి. టిల్డా (~ గుర్తు) కూడా వదలొద్దు. అది లేకుంటే మాడ్యూల్ మీరిచ్చిన పాత్ చివర యూజర్ పేరు తగిలించి వెతుకుతుంది. కన్సోల్ లాగిన్‌కి అదే డైరెక్టరీలోని ‘లాగిన్’ ఫైలులోనూ ఈ మార్పు చేయండి. మెయిల్ లేనప్పుడు ఏమీ కనిపించొద్దనుకుంటే ‘క్వయిట్’ కూడా చేర్చండి.

సర్వీసు రీస్టార్ట్ అక్కర్లేదు, పామ్ ఫైళ్లను ప్రతి లాగిన్‌కీ కొత్తగా చదువుతుంది. కానీ పామ్ ఫైళ్లలో చెయ్యి పెట్టేటప్పుడు రూట్ సెషన్ ఒకటి తెరిచే ఉంచి, పరీక్ష మరో టెర్మినల్ నుంచి చేయండి. ఒక లైను తప్పినా బయటే ఉండిపోవచ్చు.

ఇంతటితో సగం పనే అయింది. లాగిన్ అయ్యాక వచ్చే మెయిల్ సంగతి చెప్పేది బ్యాష్, అంటే మీరు కమాండ్లు టైప్ చేసే షెల్. అది మెయిల్ అనే వేరియబుల్‌లోని పాత్ చూస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ అయిన ఎస్‌ఎస్‌హెచ్‌డి అందులో పాత /వార్/మెయిల్ చిరునామానే పెడుతుంది. హోమ్‌లోని .ప్రొఫైల్‌లో ఆ వేరియబుల్‌కి మీ మెయిల్‌డిర్ పాత్ ఇచ్చి ఎక్స్‌పోర్ట్ చేయండి. .బ్యాష్_ప్రొఫైల్ ఉంటే బ్యాష్ .ప్రొఫైల్‌ని చదవదు, అప్పుడు .బ్యాష్_ప్రొఫైల్‌లోనే రాయాలి. బ్యాష్ మామూలుగా 60 సెకన్లకోసారి చూస్తుంది, అదీ ప్రాంప్ట్ చూపించే ముందు మాత్రమే. ఎడిటర్‌లో గంటసేపు ఉంటే గంట తర్వాతే తెలుస్తుంది. ఈ వ్యవధిని మెయిల్‌చెక్ వేరియబుల్‌తో మార్చుకోవచ్చు.

ప్రశ్న: నాది మెయిల్ అంతా ఒకే ఫైలులో ఉండే పాత ఎంబాక్స్ పద్ధతి. మెయిల్ అంతా చదివేసినా మళ్లీ లాగిన్ అయితే ‘యూ హ్యావ్ న్యూ మెయిల్’ అంటోంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: /వార్ పార్టిషన్ నోఏటైమ్ అనే ఆప్షన్‌తో మౌంట్ అయి ఉందేమో ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే మౌంట్ సెట్టింగుల ఫైలులో చూడండి. ఎంబాక్స్‌లో కొత్తదో పాతదో తేల్చేది రెండు సమయాల పోలికే: ఫైలు చివరిసారి మారింది ఎప్పుడు, చదివింది ఎప్పుడు. నోఏటైమ్ ఉంటే చదివిన సమయం నమోదు కాదు. దాన్ని రిలేటైమ్‌గా (ఫైలు మారాక చదివితే ఆ సమయం నమోదు చేసే ఆప్షన్) మార్చి రీమౌంట్ చేస్తే సరిపోతుంది.